ఉక్కు పెట్టెలో దీపాల జాతర

అందరికీ నమస్కారం. వెనుక వరుసలవారికి తెర కనిపిస్తోందా? దీపాలు ఇంకొంచెం తగ్గించండి. ఆ, ఇప్పుడు బాగుంది.

ముందుగా ఈ ఫొటో చూడండి. ఇది ఎక్కడిదో చెప్పగలరా? హోటలు అన్నారు ఒకరు. జూదశాల అన్నారు ఇంకొకరు. సినిమా హాలు, సరే. ఓడ అని ఒక్కరూ అనలేదు. ఇది ఓడ. 1990లో ప్రయాణాలు మొదలుపెట్టిన కార్నివాల్ ఫాంటసీ అనే విహారనౌకలోని నడిమి హాలు. చుట్టూ అంతస్తుల అంచుల వెంట నియాన్ గొట్టాలు. కంప్యూటర్ నడిపిస్తుంటే వాటి రంగులు మారుతూ ఉండేవి. ఇదే ఓడలో క్లియోపాత్రా పేరుతో ఒక బార్ ఉండేది, దాని నిండా ప్రాచీన ఈజిప్టు బొమ్మలు.

ఈ ఫొటో ఎక్కడ చూపించినా ఒకే మాట వినిపిస్తుంది: "అతి." నేనూ ఒకప్పుడు ఆ మాటే అన్నాను. చాలా ఏళ్లు అన్నాను, తరగతిలో పాఠంగా కూడా చెప్పాను. ఇవాళ ఆ మాటను వెనక్కి తీసుకోవడానికి వచ్చాను. పూర్తిగా కాదు. ఎంతవరకు తీసుకుంటానో, ఎక్కడ ఆగుతానో చెబుతాను.

మొదటి అభియోగం ఏమిటి? ఓడ ఓడలా లేదు. లోపలికి వెళ్లాక సముద్రం గుర్తుకు రాదు. ఈ ఫిర్యాదు ఫాంటసీతో పుట్టింది కాదు, చాలా పాతది. 1914లో ప్రయాణాలు మొదలుపెట్టిన అక్విటేనియా ఓడకు లోపలి గదులు రూపొందించిన ఆర్థర్ డేవిస్ అనే వాస్తుశిల్పి 1922లో ఒక సంగతి చెప్పుకొచ్చాడు. ఓడను ఓడలాగే ఎందుకు కనిపించనివ్వరు అని ఆయన కంపెనీ వాళ్లను అడిగాడట. వాళ్లు ఏమన్నారు? ఈ ఓడలెక్కేది సముద్రపు దొంగలు కాదు, చాలావరకు కడుపులో తిప్పుతూ బాధపడే అమెరికన్ మహిళలు, తాము ఓడలో ఉన్నామన్న సంగతి మరిచిపోవడమే వాళ్లకు కావాలి అన్నారు. అందుకని ఆయన నేలమీది పెద్ద భవంతుల గదులను తెచ్చి సముద్రం మీద పెట్టాడు.

ఆ జవాబులో స్త్రీలను గురించిన చిన్నచూపు ఉంది, అది నాకు నచ్చదు. కానీ దాని లోపల ఒక నిజం కూడా ఉంది. భయం. కాళ్ల కింద నేల కదులుతోంది, కిటికీ బయట చీకటి నీళ్లు, తీరం రోజుల దూరంలో ఉంది. అలాంటి మనిషికి గోడలు ఏం చెప్పాలి? ఓడల అలంకరణ చరిత్ర అంతా ఈ ఒక్క ప్రశ్నకు రకరకాల జవాబులు. నేను అలాగే చూస్తాను.

అలంకరణ ఓడ మీద ఊరికే కూర్చోదు. దానికి బరువుంటుంది. 1913లో జర్మన్ల ఇంపరేటర్ బయలుదేరింది. అప్పటికి ప్రపంచంలో అతి పెద్ద ఓడ. అందులో ప్రాచీన పాంపే నగరపు స్నానశాలను తలపించే ఈతకొలను, పాలరాతి స్నానపు గదులు, బరువైన కలప సామాను. ఓడ పైభాగం బరువెక్కింది. నీటిమీద ఒక పక్కకు ఒరిగి, నిదానంగా లేచేది. చివరికి ఏం చేశారు? పాలరాయి పీకేశారు, బరువైన సామాను తీసేసి పేము కుర్చీలు వేశారు, పొగగొట్టాల ఎత్తును మూడు మీటర్ల మేర తగ్గించారు, అడుగున రెండు వేల టన్నుల సిమెంటు పోశారు. రెండు వేల టన్నులు! గదుల్లో కొన్ని రాతి పలకలు వేసుకున్నందుకు ఎంత మూల్యమో చూడండి. ఓడలో వాస్తుశిల్పి గీసే ప్రతి గీతనూ ఓడ మోయాలి.

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఓడ లోపల ఆర్భాటం ఎందుకు పుడుతుందో తెలియకుండా దాన్ని తిట్టడం సులువు. ఓడ అంటే ఉక్కు పెట్టె. అంతస్తుకూ అంతస్తుకూ మధ్య ఎత్తు తక్కువ. ఆ తక్కువలోనే పైకప్పు వెనుక గాలి గొట్టాలు, నీటి గొట్టాలు, తీగలు, మంటలార్పే నీటి జల్లు గొట్టాలు అన్నీ పోవాలి. మిగిలిన ఎత్తు మనిషి తలకు కొంచెం పైన. పైగా మంట వ్యాపించకుండా ఓడను పొడవునా సుమారు 40 మీటర్లకు ఒకటి చొప్పున నిలువు భాగాలుగా, అగ్నిని ఆపే గోడలతో విడగొట్టాలి. ఇది అంతర్జాతీయ సముద్ర భద్రతా నియమం. అంటే ఏమిటి? విశాలమైన, ఎత్తైన, ఆ చివరి నుంచి ఈ చివరికి చూపు సాగే గది అనేది ఓడలో సహజంగా దొరకదు. దాన్ని పోరాడి సాధించాలి.

అద్దాలు ఎందుకు? తల మీద ఎత్తు లేదు కాబట్టి. మెరిసే లోహపు పైకప్పు ఎందుకు? దీపం అందులో ప్రతిబింబిస్తే కప్పు పైకి జరిగినట్లు అనిపిస్తుంది కాబట్టి. వంకర గోడలు ఎందుకు? నిలబడ్డ మనిషికి గది అంచు కనిపించకపోతే గది పెద్దదనిపిస్తుంది కాబట్టి. మనం బడాయి అనుకునే వాటిలో చాలావరకు ఇరుకుతో చేసిన యుద్ధమే. నా అభిప్రాయం మారడం ఇక్కడే మొదలైంది.

ఆ యుద్ధంలో అందరికంటే గొప్పగా గెలిచింది 1935 నాటి ఫ్రెంచి ఓడ నార్మండీ. ఇంజను పొగ పైకి పోవడానికి ఓడ నడిబొడ్డు గుండా పెద్ద గొట్టాలు పోవాలి కదా? అవి గదులను మధ్యలో చీల్చేస్తాయి. నార్మండీని గీసినవాళ్లు ఆ గొట్టాలను రెండుగా చీల్చి ఓడ ఇరుపక్కలకు జరిపారు. దాంతో మధ్యంతా ఖాళీ అయింది. గది నుంచి గదికి చూపు ఆగకుండా సాగింది. భోజనశాల పొడవు 90 మీటర్లకు పైనే. కిటికీలు? ఒక్కటీ లేదు. లాలిక్ అనే ఫ్రెంచి గాజు కళాకారుడి స్తంభాల నుంచి వచ్చే వెలుగే దిక్కు. పెద్ద హాలులో జాన్ డ్యుపా గాజు పలకల వెనుక బంగారం, వెండి పూతలతో గీసిన ఓడల చిత్రాలు.

ఆలోచించండి. కిటికీ లేని గది, తళతళలాడే గాజు, బంగారం. ఫాంటసీని ఏమని తిడతామో అవన్నీ నార్మండీలోనూ ఉన్నాయి. మరి నార్మండీని కళాఖండం అంటాం, ఫాంటసీని అతి అంటాం. ఎందుకు? పనితనంలో తేడా ఉంది, ఒప్పుకుంటాను. డ్యుపా చేతికీ నియాన్ గొట్టానికీ పోలిక లేదు. కానీ అదొక్కటే కారణం కాదు. నార్మండీలో ఆ భోజనశాల మొదటి తరగతివాళ్లది. ఫాంటసీలో ఆ హాలు ఓడలో ఉన్న ప్రతి ప్రయాణికుడిదీ, అందరికంటే చౌక కేబిన్‌లో పడుకున్నవాడిది కూడా. ధనవంతుల ఆర్భాటాన్ని శైలి అంటాం. మామూలు మనిషి సెలవుల్లో చూసే ఆర్భాటాన్ని రుచిలేనితనం అంటాం. ఈ మాటను నేను ఇంతకాలం గమనించకుండా ఉన్నానని బాధగా ఉంటుంది.

ఇంకో అభియోగం ఉంది: అంతా నకిలీ. కలపలా కనిపించేది కలప కాదు, రాయిలా కనిపించేది రాయి కాదు. నిజమే. ఎందుకో చెబుతాను. 1934 సెప్టెంబరులో మారో కాజిల్ అనే అమెరికన్ ఓడ న్యూజెర్సీ తీరం దగ్గర తగలబడింది. 137 మంది చనిపోయారు. అందమైన చెక్క పలకలు, వార్నిషులు, బట్టలు మంటకు దారి పరిచాయి. ఆ తరువాత నియమాలు బిగిసాయి. 1952లో యునైటెడ్ స్టేట్స్ అనే ఓడ వచ్చింది. దాన్ని గీసిన విలియం ఫ్రాన్సిస్ గిబ్స్ లోపల కలప కనిపించకూడదని పట్టుపట్టాడు. పియానో, వంటశాలలో మాంసం కొట్టే మొద్దు తప్ప చెక్క లేదని చెప్పుకునేవారు. లోపలి అలంకరణ చూసిన డొరొతీ మార్క్‌వాల్డ్ బృందం అల్యూమినియంతో, గాజునారతో గదులు చేసింది. తరువాత 1990లో స్కాండినేవియన్ స్టార్ మంటల్లో 159 మంది పోయారు. అక్కడ ప్రాణాలు తీసింది చాలావరకు పొగ. గోడలకు అంటించిన పలకలు కాలి విషవాయువు వెలువడింది. కాబట్టి ఓడలో గోడ మీద ఏదైనా మెరుస్తుంటే, అది ముందు అగ్నిపరీక్ష దాటి వచ్చిందని గుర్తుంచుకోండి. ఓడలో ఒక వస్తువు నిజమైన కలపా కాదా అని అడిగే ముందు, అది కాలితే ఏమవుతుందని అడగాలి. నకిలీ అని తీసిపారేయడానికి నాకు ఇక నోరు రాదు.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వద్దాం. ఫాంటసీని గీసింది జో ఫార్కస్. 1980ల నుంచి 2000ల చివరి దాకా కార్నివాల్ సంస్థ ఓడల లోపలి రూపం దాదాపు అంతా ఆయన చేతిదే. కోస్టా సంస్థ ఓడలు కూడా చాలా చేశాడు. తన పనికి ఆయన పెట్టుకున్న పేరు "వినోద వాస్తు". ఆయన ఎవరి దగ్గర పనిచేశాడో తెలుసా? మోరిస్ లాపిడస్ దగ్గర. మయామీ బీచ్‌లో 1954 నాటి ఫాంటేన్‌బ్లో హోటల్ కట్టిన మనిషి. ఆ హోటల్ లాబీలో ఒక మెట్ల వరుస ఉంటుంది, దాన్ని ఎక్కడికీ పోని మెట్లు అంటారు. పైన ఉన్నది కోట్లు దాచుకునే చిన్న గది. జనం లిఫ్టులో పైకి వెళ్లి, కోటు అక్కడ ఇచ్చి, అందరూ చూస్తుండగా ఆ మెట్లు దిగి వచ్చేవారు. అంతే, దాని పని అంతే. విమర్శకులు ఏళ్ల తరబడి లాపిడస్‌ను దుమ్మెత్తిపోశారు. ఆయనకు గౌరవం దక్కేసరికి జీవితం చివరికి వచ్చింది.

ఆ మెట్లు ఎక్కడికీ పోవని నవ్వేవాళ్లకు ఒక విషయం అర్థం కాలేదు. ఆ మెట్లు మామూలు మనిషిని ఒక్క నిమిషం పాటు అందరి కళ్లలో పడేలా చేశాయి. ఏడాదంతా గుమస్తాగా, నర్సుగా, డ్రైవరుగా పనిచేసిన మనిషి మంచి బట్టలు వేసుకుని ఆ మెట్లు దిగుతాడు. ఆ ఒక్క నిమిషం తక్కువదా? లాపిడస్ ఇంకో మాట కూడా గ్రహించాడు. దుకాణాలు గీసే రోజుల్లోనే, జనం పురుగుల్లా వెలుగు వైపు వెళతారని గమనించాడు. వెలుగు ఎక్కడ పెడితే కాళ్లు అక్కడికి పోతాయి. ఫాంటసీ హాలును ఇప్పుడు మళ్లీ చూడండి. ఆ నియాన్ గొట్టాలు దారి చూపిస్తున్నాయి. ఓడలోకి మొదటిసారి అడుగుపెట్టి, ఎటు పోవాలో తెలియని వందలమందికి ఇదిగో ఓడ గుండె ఇక్కడుంది అని చెబుతున్నాయి.

ఫార్కస్ ఆ పాఠాన్ని చివరిదాకా లాగాడు. హాలిడే ఓడలో నిజమైన పాత బస్సును తెచ్చి లోపల పెట్టాడు. ఎక్స్టసీలో పాత రోల్స్‌రాయిస్ కారు. 2002 నాటి కాంక్వెస్ట్‌లో ఫ్రెంచి చిత్రకారులు మోనే, రెన్వార్ పేర్లతో భోజనశాలలు, హాలు నిండా గాజు పువ్వులు. 2000లో వచ్చిన కోస్టా అట్లాంటికాలో వెనిస్‌లోని ఫ్లోరియన్ కాఫీశాలకు నకలు. 2008లో వచ్చిన స్ప్లెండర్‌లో గులాబీ రంగు, దాని మీద చుక్కలు. ఇవన్నీ నాకు నచ్చాయా? లేదు. స్ప్లెండర్ నాకు ఇప్పటికీ నచ్చదు. కానీ ప్రతి ఓడలోనూ ఒక మనిషి నిర్ణయించాడని తెలుస్తుంది. ఒక మనిషి ఒక ఊహ పట్టుకుని తలుపు పిడి దాకా, తివాచీ అంచు దాకా తీసుకువెళ్లాడు. అందులో పిరికితనం లేదు.

సరే, ఇప్పుడు ఎక్కడ ఆగుతానో చెప్పాలి.

అలసట. ఇది నిజమైన అభ్యంతరం. నేను ఒక ఓడలో ఏడు రాత్రులు ఉన్నాను. ఓడ పేరు చెప్పను. మొదటి రోజు ఆ రంగులు చూసి ఉత్సాహం వచ్చింది. మూడో రోజుకు కళ్లు మూసుకోవాలనిపించింది. అయిదో రోజు పైకి వెళ్లి ఆరుబయట కుర్చీలో కూర్చుని లోపలికి రాలేదు. ఆర్భాటానికి విరామం కావాలి. పాటలో తాళం పడని క్షణం ఎంత ముఖ్యమో, ఓడలో ఏమీ లేని గోడ అంత ముఖ్యం. ఫార్కస్ ఓడల్లో ఆ ఖాళీ గోడ తక్కువ. ఇది ఆయన లోపమని ఇప్పటికీ అంటాను.

రెండోది, సముద్రం. భోజనశాలకు కిటికీ లేకపోతే, జూదశాలకు కిటికీ లేకపోతే, నాటకశాలకు కిటికీ లేకపోతే, మనిషి రోజంతా నీళ్లు చూడకుండా గడిపేస్తాడు. దీనికి జవాబు వెతికినవాళ్లు ఉన్నారు. 1935లోనే, నార్మండీ వచ్చిన ఏడాదే, ఓరియన్ అనే బ్రిటిష్ ఓడ కూడా వచ్చింది. బ్రయన్ ఓ'రోర్క్ అనే న్యూజిలాండ్ వాస్తుశిల్పి గీశాడు. ఎండ దేశాలకు పోయే ఓడ కాబట్టి గాలి, వెలుతురు, తేలికైన రంగులు, బయటికి తెరుచుకునే గోడలు. భవంతి వేషం వేయకుండా ఓడ ఓడలాగే ఉంది, అయినా సుఖంగా ఉంది. ఆ ఓడ ఫొటోలు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఆర్భాటాన్ని సమర్థిస్తూ దీన్ని మరిచిపోతే నేను అబద్ధం చెప్పినట్లే.

అయితే ఒకటి గమనించండి. ఓరియన్‌లో నిరాడంబరత ఒక నిర్ణయం. ఇవాళ మనం కొత్త ఓడల్లో చూస్తున్న నిరాడంబరత నిర్ణయమేనా? నాకు చాలా చోట్ల అనుమానం. గత పదిహేనేళ్లుగా ఏమవుతోంది? పాత ఓడలు మరమ్మతు రేవుకు వెళ్లి లేత గోధుమరంగులో తిరిగి వస్తున్నాయి. 1996లో వచ్చిన డెస్టినీ లక్ష టన్నుల మార్కు దాటిన మొదటి విహారనౌక. 2013లో దాని లోపలంతా మార్చి, పేరు కూడా సన్‌షైన్‌గా మార్చారు. కొత్తవాటిలో మంచి పని లేదనడం లేదు. 2018 నాటి సెలబ్రిటీ ఎడ్జ్‌లో పత్రీసియా ఉర్కియోలా చేసిన గాజుగోడల హాలు సముద్రాన్ని లోపలికి తెచ్చింది. అది ధైర్యమున్న పని. నా బాధ మిగిలినవాటి గురించి. ఎవరినీ నొప్పించకూడదనే కోరిక తప్ప ఇంకే కోరికా లేని గోడల గురించి. బూడిదరంగు, లేత గోధుమరంగు, మళ్లీ బూడిదరంగు. రెండు వందల మీటర్ల పొడవు నడవ, రెండు పక్కలా ఒకే తలుపు, ఒకే తలుపు, ఒకే తలుపు. మీరు ఏ చివర ఉన్నారో తెలియదు. నేను అలాంటి నడవలో నా గది వెతుక్కుంటూ మూడుసార్లు తప్పిపోయాను. కొన్ని ఓడల్లో నడవ తివాచీ మీద చేపలు నేస్తారు, అన్నీ ఓడ ముందుభాగం వైపే ఈదుతుంటాయి. చిన్న అలంకరణ. కానీ దారి తప్పినవాడికి అది చేయి పట్టుకుని నడిపించడమే. అలంకరణ ఎందుకు అని ఎవరైనా అడిగితే ఆ చేపలను చూపిస్తాను.

ఒక ప్రశ్న వచ్చింది ముందు వరుస నుంచి: స్ఫటికపు మెట్ల సంగతి ఏమిటని. ఎంఎస్‌సీ అనే సంస్థ ఓడల్లో, 2008 నాటి ఫాంటాసియా అనే ఓడ నుంచి, స్వరోవ్‌స్కీ స్ఫటికాలు పొదిగిన మెట్లున్నాయి. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. నాకు ఆ మెట్లు ఇష్టం. స్ఫటికాల ఖరీదు చూసి కాదు. చిన్న పిల్లలు ఆ మెట్ల మీద ఆగి, వంగి, వేలితో తాకి చూస్తారు. గోడను, నేలను మనిషి తాకాలనిపించేలా చేయడం ఎంత కష్టమో ఈ గదిలో ఉన్న విద్యార్థులకు తెలుసు.

చివరగా ఈ రెండు ఫొటోలు చూపించి ముగిస్తాను. ఇది ఇంగ్లండులో ఆనిక్ అనే ఊరిలోని వైట్ స్వాన్ హోటల్. ఈ చెక్క పలకలు, ఈ చెక్కడాలు టైటానిక్‌కు అక్క అయిన ఒలింపిక్ ఓడవి. 1930లలో ఓడను విడగొట్టినప్పుడు వేలంలో కొని ఇక్కడ బిగించారు. అదే ఓడ పలకలు కొన్ని 2000లో సెలబ్రిటీ మిలీనియం అనే విహారనౌక భోజనశాలకు చేరాయి. నార్మండీ 1942లో న్యూయార్కు రేవులో తగలబడింది, కానీ డ్యుపా చిత్రాలు ఇవాళ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి, భోజనశాల తలుపుల మీది కంచు పతకాలు బ్రూక్లిన్‌లో ఒక చర్చి తలుపులకు ఉన్నాయి.

ఇది రెండో ఫొటో. టర్కీలోని అలియాగా ఒడ్డు, 2020. విహారనౌకలు ఆగిపోయిన ఏడాది. ఇసుక మీదికి ఎక్కించి నిలబెట్టిన ఈ తెల్లటి ఓడ ఫాంటసీ. మొదట మీకు చూపించిన హాలు ఇందులోదే. దాని పక్కన ఇన్‌స్పిరేషన్, ఇమాజినేషన్, అదే తరగతి ఓడలు. ఉక్కు ముక్కలుగా కోసి అమ్మారు. ముప్పై ఏళ్లు లక్షలమంది నడిచిన హాలు ఇది. మనం, అంటే వాస్తుశిల్పులం, దీన్ని కొలతలు తీసి గీసుకోవాల్సినంత గొప్పదిగా చూడలేదు.

మీలో ఎవరైనా పాత ఓడ ఎక్కితే, మరమ్మతుకు పోకముందే ఎక్కితే, కెమెరాతో పాటు కొలత టేపు తీసుకువెళ్లండి. పైకప్పు ఎత్తు రాసుకోండి. స్తంభం మీద ఏ పదార్థం అంటించారో చేత్తో తాకి చూడండి. దీపాలు రాత్రి ఎలా ఉంటాయో, తెల్లవారుజామున నాలుగింటికి హాలులో ఎవరూ లేనప్పుడు ఎలా ఉంటాయో చూసి రాయండి. నాకు పంపండి, నేను భద్రపరుస్తాను. ఇక ప్రశ్నలకు వెళదాం. దీపాలు వేయండి.